మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లకు వీఆర్: ఫోన్ డబ్బానా, హెడ్‌సెట్టా, పెద్ద టీవీయా?

ఈసారి అమ్మ కాకినాడ నుంచి డాలస్‌లో మా ఇంటికి నవంబరులో వచ్చింది. అసలే చలికాలం. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మెడకు స్పాండిలోసిస్. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఏడాదికి రెండు మూడుసార్లు వర్టిగో (కళ్లు తిరిగే జబ్బు) వచ్చి, దిండు మీంచి తల ఎత్తలేని రోజులుంటాయి. కారెక్కి దిగడమే కష్టమైన మనిషిని ఎక్కడికని తిప్పుతాం? రెండో వారానికే కిటికీ పక్క కుర్చీలో కుదురుకుపోయింది. "పొద్దుట్నుంచీ చూస్తున్నా, రోడ్డు మీద ఒక్క మనిషి కనబడలేదే" అంది ఒకరోజు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కళ్లకు కట్టుకుంటే ఇంకోచోట ఉన్నట్టే అనిపించే వర్చువల్ రియాలిటీ (వీఆర్) మా ఇంట్లోకి వచ్చింది అలాగే. చలికాలమంతా మూడు రకాలుగా చూశాం. ఫోన్‌ని లోపల పెట్టి కళ్లకు కట్టుకునే చవక డబ్బా, దానంతట అదే పనిచేసే హెడ్‌సెట్, ఇవేవీ లేకుండా పెద్ద టీవీలో ఊళ్లు తిరిగే వీడియోలు. నా మాట ముందే చెప్పేస్తాను. కూర్చుని నెమ్మదిగా చూడగలిగినవాళ్లకు హెడ్‌సెట్ మేలు. ఫిట్స్ వచ్చేవాళ్లకు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, వర్టిగో ఇంకా పూర్తిగా తగ్గనివాళ్లకు టీవీయే మేలు. ఫోన్ డబ్బా మాత్రం పెద్దవాళ్లలో ఎవరికీ వద్దు.

డబ్బా సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట కొనేది అదే. గూగుల్ 2014లో అట్టతో చేసిన కార్డ్‌బోర్డ్ తెచ్చింది, 2021లో అమ్మకం ఆపేసింది. ఆ తరహా ప్లాస్టిక్ డబ్బాలు మాత్రం ఇప్పటికీ దొరుకుతున్నాయి. నేనూ ఒకటి తెప్పించి, నది మీద ఎగురుతూ తీసిన వీడియో ఒకటి పెట్టి అమ్మ కళ్లకు కట్టాను. రెండు నిమిషాలు బాగానే ఉంది. తర్వాత ఏదో దగ్గరగా చూద్దామని ముందుకు వంగింది. వంగుతూనే చెయ్యి చాచి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. డబ్బా తీసేసరికి ముఖమంతా చెమట. వాంతి చేసుకుని సాయంత్రం దాకా కళ్లు మూసుకునే పడుకుంది. ఆ పూట నా మీద నాకే కోపం వచ్చింది.

కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. తల ఎటు తిరిగిందో ఫోన్‌కి తెలుస్తుంది గానీ, మనిషి ముందుకు వంగాడో పక్కకు జరిగాడో ఆ డబ్బాలో ఉన్న ఫోన్‌కి తెలియదు. వంగినా బొమ్మ దగ్గరకు రాదు. నేను కదిలానని లోపలి చెవి చెబుతుంది, కదల్లేదని కళ్లు చెబుతాయి. ఈ రెంటికీ పొంతన కుదరనప్పుడే కడుపులో తిప్పుతుంది. ఎగిరే వీడియోలో ఇదే తప్పు తిరగబడి ఉంటుంది: కళ్లు పరిగెడుతుంటాయి, మనిషి కుర్చీలో కదలకుండా ఉంటుంది. తెలియక నేను రెండు తప్పులూ ఒకేసారి చేశాను.

హెడ్‌సెట్‌లో మొదటి తప్పుకి తావు తక్కువ. దాని ముందువైపు ఉన్న కెమెరాలు గదిని చూస్తూ తల ఎంత వంగిందో, ఎంత జరిగిందో లెక్కగడతాయి. హెడ్‌సెట్ కోసమే చేసిన త్రీడీ దృశ్యాల్లో వంగితే వస్తువు నిజంగానే దగ్గరకొస్తుంది. చిన్న తేడాలా అనిపించినా, కళ్లు తిరిగే తత్వం ఉన్నవాళ్లకు అసలు విషయం ఇదే.

ఏ హెడ్‌సెట్ అన్నది తర్వాతి ప్రశ్న. మేం ఫేస్‌బుక్ వాళ్ల కంపెనీ మెటా తయారుచేసిన క్వెస్ట్ 3, క్వెస్ట్ 3ఎస్ మధ్య ఆలోచించాం. 2023 అక్టోబరులో వచ్చిన క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు, మరుసటి ఏడాది వచ్చిన 3ఎస్ బరువు 514. కాబట్టి మెడ విషయంలో రెండూ ఒకటే. తేడా కళ్ల దగ్గర వస్తుంది. 3ఎస్‌లో గాడులున్న పాతరకం ఫ్రెనెల్ లెన్సులు వాడారు. సరిగ్గా మధ్యలోంచి చూస్తేనే స్పష్టంగా ఉంటుంది, చీకటి దృశ్యంలో దీపాలుంటే వెలుగు చెదురుతుంది. క్వెస్ట్ 3 లెన్సుల్లో అంచుల దాకా స్పష్టత ఉంది. కంటికీ కంటికీ మధ్య దూరానికి తగ్గట్టు చక్రం తిప్పి 53 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా సరిచేసుకోవచ్చు. 3ఎస్‌లో ఆ సర్దుబాటుకి మూడే స్థానాలు. 2024 అక్టోబరులో అమెరికాలో 3ఎస్ ధర 299 డాలర్ల దగ్గర మొదలైతే, క్వెస్ట్ 3 ధర 499. కుర్రాళ్ల ఆటలకైతే 3ఎస్ చాలు. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లకు వెలుగు చెదరడం అసలే ఇబ్బంది కాబట్టి, ఆ 200 డాలర్ల తేడా పెట్టడంలో అర్థం ఉందని నేననుకుంటున్నాను.

3,499 డాలర్లతో వచ్చిన యాపిల్ విజన్ ప్రో గురించి ఎక్కువ ఆలోచించలేదు. బ్యాటరీ విడిగా ఉన్నా తల మీద 600 గ్రాములు దాటుతుంది. అరిగిన మెడకు అది వద్దు.

కళ్లజోడు గురించి ఒక మాట. తెర కంటికి రెండంగుళాల దూరంలో ఉంది కదా అని చాలామంది చదివే అద్దాలు పెట్టిస్తారు. లెన్సుల వల్ల కంటికి ఆ బొమ్మ మీటరుకు పైగా దూరంలో ఉన్నట్టే ఉంటుంది. కాబట్టి దూరపు చూపు అద్దాలు కావాలి. పైన దూరం, కింద దగ్గర ఉండే జోడైతే తల కొంచెం దించి పైభాగంలోంచి చూడమనాలి. అమ్మకు ఆపరేషన్‌లో దూరపు చూపు లెన్సులు పెట్టారు గనుక అసలు జోడే అక్కర్లేకపోయింది.

ఇంత చెప్పినా, హెడ్‌సెట్ ఎంపిక కన్నా అందులో ఏం చూస్తామన్నదే ముఖ్యం. రోలర్ కోస్టర్లు, కారు పందేలు, నడిచే ఆటలు అన్నీ మిమ్మల్ని కదిలిస్తాయి. వాటి జోలికి పోవద్దు. మీరు ఒకచోటే ఉండి, చుట్టూ ఉన్నది చూసేవి వేరు. మెటా స్టోర్‌లో ప్రతి ఆటకూ అది ఎంత తేలిగ్గా ఉంటుందో మూడు స్థాయుల్లో రాసి ఉంటుంది, అన్నిటికన్నా తేలికైనవే ఎంచుకోండి. ఎదురుగా వచ్చే దిమ్మెల్ని చేతికత్తులతో నరికే ఆటల్లాంటివి కూడా కూర్చుని ఆడొచ్చు. మోకాళ్లకు ఏ ఇబ్బందీ లేదు, భుజం పట్టేసినవాళ్లు మాత్రం చేతులు పైకెత్తే ముందు ఫిజియోథెరపిస్టుని అడగాలి.

కుర్చీ కూడా తేల్చుకోవాల్సిందే. ఆఫీసు తిరుగుడు కుర్చీ అయితే వెనక్కి చూడ్డానికి మెడ తిప్పక్కర్లేదు, కానీ లేచేటప్పుడు చక్రాలు జారితే తుంటి ఎముక విరుగుతుంది. డైనింగ్ టేబుల్ దగ్గరి చేతుల కుర్చీయే నయం. వెనక్కి చూడాలంటే చేతిలో పట్టుకునే కంట్రోలర్ మీది పుల్లని పక్కకు నొక్కితే దృశ్యం ఒక్క విసురున తిరిగేలా పెట్టుకోవచ్చు. మెల్లగా తిరిగేలా పెడితే మళ్లీ కళ్లు తిరుగుతాయి. హెడ్‌సెట్ పక్కన వేలితో రెండుసార్లు తడితే బయటి గది కనిపిస్తుంది. అమ్మకు నేను మొట్టమొదట నేర్పింది అదే. భయమేస్తే తనే బయటకు రాగలదు.

మొదటి వారం అయిదేసి నిమిషాలు, తర్వాత పదేసి. అంతకు మించనివ్వలేదు.

గూగుల్ వీధి దృశ్యాలను (స్ట్రీట్ వ్యూ) హెడ్‌సెట్‌లో చూపించే 'వాండర్' అనే యాప్ ఉంది. మన దేశంలో ఆ వీధి దృశ్యాలు 2022 జులైలో పది నగరాలతో మళ్లీ మొదలయ్యాయి, వాటిలో హైదరాబాద్ ఒకటి. అమ్మావాళ్లు ఇరవయ్యేళ్లకు పైగా చిక్కడపల్లిలో ఉన్నారు. 2009లో నాన్న రిటైరయ్యాక కాకినాడ వెళ్లిపోయారు, మళ్లీ ఆ వీధి చూసింది లేదు. ఏమీ చెప్పకుండా అమ్మను అక్కడ దింపాను.

కాసేపు మాట లేదు. తల నెమ్మదిగా పైకెత్తింది. "రోడ్డు మీద ఈ స్తంభాలేమిటే?" అంది. మెట్రో అమ్మా, 2020లో మొదలైంది అన్నాను. "అయితే గుడేదీ?" అంటూ తనే తల తిప్పి వెతుక్కుంది. వెంకటేశ్వరస్వామి గుడి కనబడగానే రెండు చేతులూ జోడించబోతే కంట్రోలర్లు ఒకదానికొకటి టక్కున తగిలాయి. వాటిని నా చేతుల్లో పెట్టేసి దణ్ణం పెట్టుకుంది. అక్కడ్నుంచి త్యాగరాయ గానసభ వైపు వెళ్దామంది. ఏ శనివారం ఎవరి పాట విన్నదో చెబుతూనే ఉంది.

ఆ దృశ్యాలన్నీ కదలని ఫోటోలే. ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఒక్క గెంతులో మారుతుంది, మధ్యలో జారడం ఉండదు. అందుకే అవి చూస్తున్నప్పుడు చలికాలమంతా ఒక్కసారి కూడా అమ్మకు కళ్లు తిరగలేదు.

ఇక టీవీ. మా మామగారికి పేస్‌మేకర్ ఉంది. హెడ్‌సెట్‌లో, కంట్రోలర్లలో అయస్కాంతాలు, రేడియో తరంగాలు వెలువరించే భాగాలు ఉండొచ్చని, పేస్‌మేకర్లు, వినికిడి యంత్రాల మీద వాటి ప్రభావం పడొచ్చని, డాక్టరుని అడగమని తయారీదారులే హెచ్చరిస్తారు. ఫిట్స్ విషయంలోనూ అంతే. మామగారు తనకు టీవీ చాలన్నారు. అది తక్కువ ఎంపికేమీ కాదు. మెడ మీద బరువు ఉండదు, కళ్లు తిరిగితే పక్కకు చూస్తే చాలు, నలుగురూ కలిసి చూడొచ్చు. అక్కడే ఉన్నామనే భావన మాత్రం రాదు. అమ్మ గుడికి దణ్ణం పెట్టినట్టు టీవీకి ఎవరూ పెట్టరు.

అయితే రెండూ కలపొచ్చు. హెడ్‌సెట్‌లో కనిపించేది టీవీలోకి పంపించే వీలుంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో అమెరికాలో 17 వృద్ధుల నివాసాల్లో, 65 నుంచి 103 ఏళ్ల మధ్య ఉన్న 245 మందితో వీఆర్ మీద ఒక అధ్యయనం చేశారు. అందులో దాదాపు 80 శాతం మంది తర్వాత మనసు తేలికపడిందన్నారు. నన్ను ఆకట్టుకుంది ఇంకో సంగతి: చూసినదాని గురించి మాట్లాడుకోవడం వల్ల తమ మధ్య అనుబంధం పెరిగిందని 80 శాతానికి మించి పెద్దవాళ్లు, 95 శాతం దాకా వాళ్లను చూసుకునేవాళ్లు చెప్పారు.

మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు ఇప్పుడు అలాగే గడుస్తున్నాయి. అమ్మ కుర్చీలో హెడ్‌సెట్ పెట్టుకుని, మామగారు సోఫాలో టీవీ ముందు. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఆయన రోజూ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లేవారట. ఆ సంగతి పెళ్లయిన ఇన్నేళ్లలో మాకెవరికీ తెలియదు.

"చెల్లెమ్మా, ఇంకొంచెం ముందుకెళ్లండి. ఎడమ పక్క. ఆ చెట్టు దాటాక" అంటారాయన.

"ఆగండి అన్నయ్యగారూ, వస్తున్నా" అంటుంది అమ్మ, కుర్చీలోంచి లేవకుండానే.