పాత కజక్ తివాచీ: ఏళ్ల తరబడి నేల మీద పరిచి వాడాక

లండన్‌లో మా ఇంటి హాల్లో ఏళ్లుగా పరిచి ఉన్న ఒక కజక్ తివాచీ గురించి రాస్తున్నాను. 19వ శతాబ్దం చివరి నాటిది. పేరు కజక్ అయినా నేసింది కజకిస్తాన్‌లో కాదు, దక్షిణ కాకసస్‌లో, ఇప్పటి జార్జియా దేశపు దక్షిణ భాగంలోని బోర్చాలో ప్రాంతంలో. ఫఖ్రాలో రకం అంటారు. దాదాపు 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. ఇలాంటిది కొనే ఆలోచన ఉన్నవాళ్లకు నా మాట ఒకటే: అరుగుదల చూసి వెనక్కి తగ్గకండి, ముందు రంగులు చూడండి.

తివాచీ నేపథ్యం ఇటుక ఎరుపు. నడుమ ఎనిమిది పలకల పెద్ద పతకం, దాని లోపల కొక్కేల అంచున్న చదరం. చుట్టూ దంతపు తెలుపు బోర్డరు, అందులో రంపపు పళ్ల ఆకులు, వాటి మధ్య కాడ ఉన్న గిన్నెలు. ఎక్కడా వంపు తిరిగిన గీత లేదు. వెనక్కి తిప్పి లెక్కపెడితే చదరపు అంగుళానికి 60 పైచిలుకు ముడులు వచ్చాయి. మంచి పర్షియన్ కాషాన్ తివాచీలో వందల్లో ఉంటాయి. ఇంత పెద్ద ముడులతో పూలతీగ వేయలేరు, మెట్లు మెట్లుగా గీతే వస్తుంది. అందుకే నేసినామె చిన్న పనితనం జోలికి పోకుండా పెద్ద ఆకారాలు, పక్కపక్కన గట్టి రంగులు పెట్టింది. గది అవతలి మూల నుంచి చూసినా డిజైన్ అంతా తెలుస్తుంది.

పతకం సరిగ్గా మధ్యలో లేదు, కాస్త పైకి జరిగింది. ఒక మూలలో ఆకు సగానికే ఆగిపోయింది. ఎరుపు కూడా సగం పొడవు దాటాక ఒక్కసారిగా ముదురుతుంది, ఒక విడత అద్దిన ఉన్ని అయిపోయి ఇంకో విడత మొదలైందన్నమాట. దీన్ని అబ్రాష్ అంటారు. నాకు ఈ తివాచీలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఆ గీతే. ఎదురుగా నమూనా కాగితం లేకుండా, గుర్తున్న డిజైన్‌ను మగ్గం మీదే సర్దుకుంటూ పోయిన చేయి అక్కడ కనిపిస్తుంది.

ఆ ఎరుపు మ్యాడర్ వేరుది, నీలం నీలిమందుది. మ్యాడర్ మన మంజిష్ఠకు దగ్గరి చుట్టం. మ్యాడర్‌కు ఎరుపునిచ్చే పదార్థం పేరు అలిజరిన్, బందరు కలంకారీలో ఎరుపునిచ్చే చిరివేరులోనూ అదే ఉంటుంది. 1868లో జర్మన్ శాస్త్రవేత్తలు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. శతాబ్దం చివరికి చవక కృత్రిమ రంగులు కాకసస్ పల్లెల్లోకీ వచ్చేశాయి. వాటిలో కొన్ని ఎండకు పాలిపోతాయి, తడికి పక్క రంగులోకి దిగుతాయి. కొనేముందు ఉన్నిని వేళ్లతో విడదీసి మొదలు, కొస పోల్చి చూడండి. మొదలు దగ్గర ముదురుగా ఉండి కొసకు వెలిసిపోతే అనుమానించాలి. మాదాంట్లో ఎరుపు, నీలం అడుగు నుంచి పైదాకా ఒకేలా ఉన్నాయి.

ముదురు గోధుమ రంగు కథ వేరు. దాన్ని పట్టించడానికి వాడిన ఇనుప లవణం ఉన్నిని ఏళ్లకేళ్లు తినేస్తుంది. అందుకే గోధుమ రంగు గీతలన్నీ పల్లానికి దిగి, ఎరుపు, నీలం చెక్కినట్టు పైకి లేచాయి. చేయి వేసి చూస్తే డిజైన్ వేళ్లకు తగులుతుంది. దీన్ని లోపం కింద రాసి ధర తగ్గించమంటారు కొందరు. నేను ఒప్పుకోను, ఇది వయసుతో వచ్చిన అందమే.

వాడకంలో బాగా నిలిచింది. పడుగు, పేక రెండూ ఉన్నివే కావడంతో మెత్తగా నేలకు సర్దుకుంటుంది. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేస్తాం కాబట్టి అరుగుదల తక్కువ. అందరం దాని మీదే కూర్చుని భోంచేసిన రోజులూ ఉన్నాయి. నడుమ రెండు చోట్ల మాత్రం ముడుల దాకా అరిగింది.

నన్ను బాధపెట్టింది పాత రిపేరు. అరచేయంత ముక్క ఎవరో కొత్త ఉన్నితో ముడులు వేశారు, అమ్మినతను చెప్పలేదు. కొన్నప్పుడు కలిసిపోయిన ఆ రంగు కిటికీ వెలుగుకు గులాబీగా మారింది. దాని పక్కనే అరిగిన చోట రంగు పూసి కప్పారు కూడా. తడిపిన తెల్ల గుడ్డతో రుద్దితే ఎర్రగా అంటుకుంది. అరుగుదల కనిపిస్తే కొనేవాడు బేరం ఆడతాడు, అంతవరకు న్యాయం. పూసి దాచడం మోసం. అందుకే వెనక వైపు చూడకుండా, తడి గుడ్డ పరీక్ష చేయకుండా డబ్బు ఇవ్వకండి.

ఇక్కడ చిమ్మటల బాధ ఎక్కువ. నడిచే చోటికి రావు, సోఫా కింద చీకట్లో గుడ్లు పెడతాయి. పురుగులు ఉన్నిని మొదలంటా కొరికేస్తాయి. తెరిచి ఉన్న హాల్లో కలరా ఉండలు పనిచేయవు. నెలకోసారి సోఫా జరిపి రెండు వైపులా వాక్యూమ్ చేయడమే మందు. తిరిగే బ్రష్ తీసేయాలి, కుచ్చుల మీదికి పోనివ్వకూడదు. అప్పుడప్పుడు తివాచీని అటుదిటు తిప్పి పరిస్తే ఎండ, నడక ఒకే చోట పడవు. కింద ఫెల్ట్, అంటే అదిమి చేసిన మందపాటి గుడ్డ, ఉండాలి. ఉతకడం మాత్రం చేత్తో ఉతికే నిపుణులకే ఇవ్వండి, ఇంట్లో షాంపూ వద్దు.

గోడకు వేలాడదీసి చూసుకోవాలంటే ఉన్ని నిండుగా ఉన్నది వెతుక్కోండి, ధర చాలా ఎక్కువ. నేల మీద పరిచి వాడాలంటే ఇలా నిజాయితీగా అరిగినదే మేలు. ఈ ఏడు విడిపోతున్న పక్క అంచులు కుట్టించాను. గులాబీ ముక్క జోలికి ఇంకా పోలేదు. మ్యాడర్‌తోనే అద్దిన ఉన్ని, పాత ఎరుపుకు సరిపోయేది దొరికాకే విప్పిస్తాను.