అయ్యూబ్ ప్రవక్త సహనంపై ఒక చిన్న పుస్తకం: 80 రూపాయలకు దొరికినదీ, దొరకనిదీ

రంజాన్ నెలలో మసీదు బయట వేసే పుస్తకాల బల్ల మీద ఈ 72 పేజీల పుస్తకం కనిపిస్తే 80 రూపాయలిచ్చి కొన్నాను. తుంటి ఎముక విరిగి మూడు నెలలుగా మంచాన ఉన్న మా అమ్మకు చదివి వినిపించడానికి తెలుగులో ఏదైనా ఉంటే బాగుండుననుకుంటున్న రోజులవి. ఆవిడకు ఉర్దూ మాట్లాడడమే గాని చదవడం రాదు. ఖుర్‌ఆన్ అరబ్బీలో చదువుతుంది గాని అర్థం మాత్రం తెలుగులో చెబితేనే మనసుకు పడుతుంది. లోపాలు ఎత్తిచూపక తప్పదు కనుక పుస్తకం పేరూ ప్రచురణకర్త పేరూ ఇక్కడ రాయడం లేదు.

ఖుర్‌ఆన్‌లో సంపదా సంతానమూ ఆరోగ్యమూ పోయినా సహనం వీడని అయ్యూబ్ అలైహిస్సలాం (ఆయనకు శాంతి కలుగుగాక) ప్రస్తావన నాలుగు చోట్ల మాత్రమే వస్తుంది. వాటిలో నిసా, అన్‌ఆమ్ సూరాలలో (అధ్యాయాలలో) ఇతర ప్రవక్తల పేర్ల వరుసలో ఆయన పేరు ఉంటుంది, అంతే. అసలు గాథ అంబియా సూరాలోని 83, 84 ఆయతులలోనూ (వాక్యాలలోనూ), సాద్ సూరాలోని 41 నుంచి 44 వరకూ ఉంది. ఈ ఆరు ఆయతులలో రోగం పేరు లేదు, అది ఎన్నేళ్లు పీడించిందన్న లెక్కా లేదు. మన రచయిత మాత్రం ఒంటి నిండా పురుగులు, ఊరి బయటి చెత్తకుప్ప, ముక్కు మూసుకుని పారిపోయే జనం అంటూ పదకొండు పేజీలు నింపారు. ప్రవక్తను చూసి జనం అసహ్యించుకునే స్థితిని అల్లాహ్ కల్పించడని చెప్పి ఎందరో పండితులు ఈ కథలను తోసిపుచ్చారన్న మాట ఎక్కడా లేదు. ఒక పేజీలో ఏడేళ్ల వ్యాధి అనీ, మరొక పేజీలో పద్దెనిమిదేళ్లనీ రాశారు. పద్దెనిమిదేళ్ల మాట ముహమ్మద్ ప్రవక్త సహచరుడు అనస్ గారి ఉల్లేఖనంగా వచ్చిన హదీసులోనిది (హదీసు అంటే ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనం). ఏడేళ్లన్నది వేరే కథనం. ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే చదివేవారికి తికమక ఉండేది కాదు.

నా అసలు అభ్యంతరం వేరే చోట ఉంది. సహనాన్ని సూచించే అరబ్బీ మాట 'సబ్ర్'కు రచయిత మొదటి నుంచి చివరి దాకా 'మౌనంగా భరించడం' అనే అర్థం చెప్పుకుంటూ పోయారు. కానీ అయ్యూబ్ మౌనంగా ఊరుకోలేదు. "నాకు బాధ తాకింది, కరుణించేవారందరిలోకీ నీవే అధిక కరుణామయుడవు" అని తన ప్రభువుకు మొరపెట్టుకున్నారు. సంపద పోయి, సంతానం పోయి, ఆరోగ్యం పోయిన మనిషి వాడిన క్రియ 'మస్స', అంటే కేవలం 'తాకింది'. పైగా ఆ మొరలో కోరిక ఎక్కడా లేదు. తన స్థితి ఒక ముక్కలో, ప్రభువు గుణం మరొక ముక్కలో చెప్పి ఆగిపోయారు. ఈ పుస్తకంలోని అనువాదం "ఈ ఘోర వ్యాధి నుంచి నన్ను కాపాడు ప్రభూ" అని మూలంలో లేని కోరికను చేర్చి, ఉన్న సొగసును తీసేసింది. మరో ప్రవక్త యాఖూబ్ అలైహిస్సలాం కూడా చక్కని సహనం వహిస్తానన్నవారే. నా దుఃఖాన్నీ వేదననూ అల్లాహ్‌కే చెప్పుకుంటున్నానని అన్నదీ ఆయనే. చెప్పుకోవడం సహనానికి అడ్డు కాదు, ఎవరితో చెప్పుకున్నామన్నదే ప్రశ్న. మంచాన ఉన్న మనిషికి 'నోరెత్తకు' అని చదివి వినిపించడానికి నాకు నోరు రాలేదు. ఆ వాక్యాలు దాటవేశాను.

అయ్యూబ్ చేసిన ఈ దుఆను (మొరను) అరబ్బీ మాటల్లోనే తెలుగు లిపిలో ఇచ్చినందుకు మెచ్చుకోవాలి. అయితే అందులో 'బాధ' అనే అర్థమిచ్చే మాట 14వ పేజీలో 'దుర్రు' అనీ 31వ పేజీలో 'జుర్రు' అనీ అచ్చయింది. మన లిపిలో లేని అరబ్బీ అక్షరం కనుక ఏదో ఒకటి రాయక తప్పదు, నిజమే. కానీ ఒకే పుస్తకంలో ఏదో ఒకదానికి కట్టుబడాలి కదా.

రెండో సగం చాలా మెరుగు. "నీ కాలితో నేలను కొట్టు, ఇదిగో, స్నానానికీ తాగడానికీ చల్లని నీరు" అన్న ఆజ్ఞను వివరించిన పేజీలు హాయిగా సాగాయి. వింటూ వింటూ అమ్మ, "ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ మొత్తుకునేదీ ఇదే కదరా, ముందు కాలు కదపమనే కదా" అంది. గడ్డిపరకల కట్ట ప్రసంగమూ బాగా కుదిరింది. అనారోగ్యంలో భార్య మీద కోపంతో వంద దెబ్బలు కొడతానని ఆయన ఒట్టు పెట్టుకున్నారనీ, ఒట్టు తప్పకుండా, ఆమెకు నొప్పి కలగకుండా వంద పరకల కట్టతో ఒక్కసారి తాకించమని అల్లాహ్ దారి చూపాడనీ వ్యాఖ్యాతలు చెబుతారు; ఖుర్‌ఆన్‌లో ఉన్నది కట్ట, ఒట్టు మాత్రమే. ఈ తేడాను రచయిత ఇక్కడ చక్కగా పాటించారు. తన జడలు అమ్మి రొట్టె తెచ్చిందని కథనాలు చెప్పే ఆ ఇల్లాలికి మాత్రం పుస్తకంలో దక్కినది ఒకటిన్నర పేజీ. పురుగులకు పదకొండు.

నాకు నచ్చిన అధ్యాయం బంగారు మిడతలది. బుఖారీ సంకలనంలోని హదీసు ప్రకారం అయ్యూబ్ స్నానం చేస్తుండగా బంగారు మిడతలు కురిశాయి. ఆయన వాటిని బట్టలో ఏరుకోసాగారు. నీకు వీటి అవసరం లేకుండా చేయలేదా అని ప్రభువు అడిగితే, చేశావు గాని నీ బరకత్ (శుభానుగ్రహం) లేకుండా నాకు గడవదన్నారట. సహనమూర్తి అనగానే కళ్లు మూసుకున్న విగ్రహం లాంటి మనిషిని ఊహించుకునే మనకు, ఆబగా ఏరుకుంటున్న ఈ మనిషి ఎంత దగ్గరివాడనిపిస్తాడో! అమ్మ ఈ అధ్యాయాన్ని మూడుసార్లు చదివించుకుంది.

ఒక మంచి అవకాశం మాత్రం చేజారింది. 'ఎంత మంచి దాసుడు, పదేపదే మరలివచ్చేవాడు' అని సాద్ సూరా అయ్యూబ్‌ను మెచ్చుకున్న మాటలే, అదే సూరాలో 30వ ఆయతులో, రాజ్యమూ గుర్రాలూ ఉన్న ప్రవక్త సులైమాన్‌కూ వచ్చాయి. అన్నీ ఉన్నవాడికీ అన్నీ పోయినవాడికీ ఒకే బిరుదు. ఈ పోలికకు ఒక పేరా అయినా దక్కలేదు.

కాగితం తెల్లగా, అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి. పెద్దవాళ్లు కళ్లజోడు లేకుండా చదవగలరు. నా ప్రతిలో 48వ పేజీ తర్వాత 53 వచ్చింది. మార్చి ఇచ్చారు గాని రెండుసార్లు తిరగవలసి వచ్చింది. కొనేముందు అక్కడే నిలబడి పేజీలు లెక్కపెట్టుకుంటే మంచిది.