స్వీడిష్ కొలత గిన్నెల సెట్టు కొనేవారు ముందుగా నీళ్ళు తూచి చూసుకోండి

స్వీడిష్ బేకింగ్ నేర్చుకోవాలనే ఉత్సాహంతో కొలత గిన్నెల సెట్టును, దానితో పాటు ఇంగ్లీషులోకి అనువదించిన వంటకాల చిన్న పుస్తకాన్ని కొనబోతున్న వారి కోసం ఇది రాస్తున్నాను. స్టాక్‌హోమ్‌లో ఉంటూ కూడా దుకాణానికి వెళ్ళే బద్ధకంతో నేను వీటిని ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తెప్పించుకుని మోసపోయాను.

స్వీడిష్ వంటకాల్లో పిండి, చక్కెర, పాలు సాధారణంగా డెసిలీటర్లలో ఉంటాయి. ఒక డెసిలీటరు అంటే సరిగ్గా 100 మిల్లీలీటర్లు. ఎం.ఎస్.కే. అని రాస్తే 15 మిల్లీలీటర్ల పెద్ద చెంచా, టీ.ఎస్.కే. అంటే 5 మిల్లీలీటర్ల చిన్న చెంచా, కే.ఆర్.ఎం. అంటే 1 మిల్లీలీటరు పట్టే మసాలా చెంచా. నాకు వచ్చిన సెట్టులో చెంచాలు బాగానే ఉన్నాయి కాబట్టి డెసిలీటరు గిన్నె మీద నాకు అనుమానం రాలేదు.

దాల్చినచెక్క బన్నుల కోసం 5 డెసిలీటర్ల పాలను గీతలున్న గాజు జగ్గుతో కొలిచి, 13 డెసిలీటర్ల మైదాను ఈ గిన్నెతో వేశాను. ముద్ద ఎంత పిసికినా బిగుసుకుపోయింది, బన్నులు రాళ్ళలా వచ్చాయి. రెండోసారీ అలాగే జరిగాక గిన్నెను త్రాసు మీద పెట్టి నిండా నీళ్ళు పోశాను. 100 గ్రాములు తూగవలసిన నీరు 118 గ్రాములు తూగింది. అది అమెరికన్ అరకప్పు పరిమాణం. దాని మీద డెసిలీటరు అని అచ్చు వేసి అమ్మినట్టున్నారు. డెసిలీటరు మైదా సుమారు 60 గ్రాములు ఉంటుంది కనుక, 780 గ్రాములు పడవలసిన చోట దాదాపు 920 గ్రాములు పడిందన్నమాట.

మన ఇళ్ళలో బియ్యం కొలిచిన గ్లాసుతోనే ఎసరు కూడా కొలుస్తాం కాబట్టి గ్లాసు ఎంతదైనా అన్నం చెడదు. ఇక్కడ ఆ ధీమా పనికిరాదు, ఎందుకంటే అదే వంటకంలో తాజా ఈస్టు 50 గ్రాములు, వెన్న 150 గ్రాములు అని బరువులో ఇచ్చి, మిగిలినవి డెసిలీటర్లలో ఇస్తారు.

పుస్తకం సంగతి ఇంకా అన్యాయం. కే.ఆర్.ఎం.ను అందులో "చిటికెడు" అని రాశారు. పాత స్వీడిష్ వంటకాల్లో కనిపించే కే.కే.పీ. అనేది 150 మిల్లీలీటర్ల కాఫీ కప్పు కాగా, దాన్ని ఉత్త "కప్పు" అనేశారు. అమెరికన్ కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు కాబట్టి, ఆ మాటను నమ్మితే పిండి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది.

అమ్మకందారుకు ఫొటోలతో సహా రాస్తే, "దేశాన్ని బట్టి కొలతలు మారుతుంటాయి" అని జవాబిచ్చి డబ్బు తిరిగి ఇవ్వలేదు. స్వీడన్‌లో ఆన్‌లైన్ కొనుగోలును సరుకు అందిన 14 రోజుల్లోగా రద్దు చేసుకునే హక్కు ఉంది, కానీ రెండుసార్లు బన్నులు చెడగొట్టుకుని అసలు కారణం కనుక్కునే సరికి నాకు ఆ గడువు దాటిపోయింది. అందుచేత పెట్టె విప్పిన రోజే త్రాసు మీద నీళ్ళు తూచండి. తేడా అయిదు గ్రాములకు మించితే వెంటనే వెనక్కి పంపండి. పుస్తకమైతే, అందులో "కప్పు" అనే మాటకు ఎన్ని మిల్లీలీటర్లో చెప్పారా లేదా అన్నది కొనకముందే అడగండి.

నేను ఇప్పుడు మామూలు దుకాణంలో మరో సెట్టు కొని, తూచి చూసుకుని వాడుతున్నాను. పాత గిన్నె బియ్యం డబ్బాలో ఉంది. అక్కడ అది ఎంత పట్టినా ఫరవాలేదు.