బావమరిది కొటేషన్ మన టేబుల్ మీదికొస్తే ఏది మేలు?

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో ఒకదానిలో మీరు అడ్మిన్‌లోనో పర్చేజ్‌లోనో ఉన్నారనుకుందాం. శ్రీకాకుళం, చీపురుపల్లి వైపుల నుంచి షిఫ్టు జనాన్ని తెచ్చే వ్యాన్లకు కొటేషన్లు అడిగారు. మీ బావమరిదికి రెండు బళ్లున్నాయి. ‘ఏటి బావా, నువ్వుండగా పైవోడికిత్తారేటి?’ అని ఫోనొచ్చింది. మన దగ్గర ఇందులో వింతేమీ లేదు. చుట్టుపక్కల నాలుగు మండలాల్లోనే సంబంధాలు కలుపుకునే చోట, వెండర్లలో ఒక్క చుట్టమూ లేకపోతేనే ఆశ్చర్యపోవాలి.

చాలామంది మొదట చేసేది ఊరుకోవడం. ‘అతని రేటే తక్కువ, కంపెనీకి లాభమే కదా’ అని సర్దిచెప్పుకుంటారు. నిజంగానే తక్కువ కావచ్చు. కానీ మిగతావాళ్ల రేట్లు తెలిసింది మీకే, పోల్చి షీట్ తయారు చేసిందీ మీరే. రేపు చుట్టరికం బయటపడితే ఆ షీట్‌ని ఎవరు నమ్ముతారు?

‘చట్టంలో బావమరిది లేడు’ అనే తెలివి ఇంకొకటి. ఆ మాట నిజమే. 2013 కంపెనీల చట్టం చెప్పే బంధువుల్లో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నారు. బావమరిది లేడు. అయితే బంధువులతో లావాదేవీల గురించిన 188వ సెక్షన్ ముఖ్యంగా డైరెక్టర్లకు, పై అధికారులకు సంబంధించింది. మామూలు ఉద్యోగిని పట్టుకునేది చేరిన రోజు చదవకుండా సంతకం పెట్టిన కోడ్ ఆఫ్ కండక్ట్. చట్టంలో లేని చుట్టాల గురించి కూడా అది అడగొచ్చు, చాలా కంపెనీల్లో అడుగుతుంది. ఇక బళ్లను బావమరిది భార్య పేరుకు మార్చేయడమంటారా, అది ఊరుకోవడం కన్నా అధ్వానం. ఊరుకుంటే తోచలేదని చెప్పుకోవచ్చు, పేరు మార్చాక ఆ సాకు కూడా ఉండదు.

నోటిమాటగా చెప్పడం కొంచెం నయం, కానీ కొంచెమే. ‘సార్, మావాడే, కాస్త చూడండి’ అంటే మేనేజర్‌కు చుట్టరికం చెప్పినట్టా, సిఫార్సు చేసినట్టా? ఆయన రేపు వేరే కంపెనీకి వెళ్లిపోతే మీరు చెప్పారనడానికి కాగితం ముక్క ఉండదు.

దీనికన్నా రాతలో చెప్పి పక్కకు తప్పుకోవడం చాలా మేలు. కొటేషన్లు తెరవకముందే మేనేజర్‌కి, హెచ్‌ఆర్‌కి రెండు లైన్ల మెయిల్: ఫలానా వెండర్ నా భార్య తమ్ముడు, ఈ ఫైలు ఇంకొకరికి ఇవ్వండి. చెప్పడం, తప్పుకోవడం రెండూ కావాలి. ఐసీఐసీఐ బ్యాంకు విషయంలో గొడవ ఇక్కడే వచ్చింది. వీడియోకాన్ కంపెనీకి ఇచ్చిన అప్పుల మీద జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ విచారణ నివేదిక బ్యాంకు అప్పటి సీఈఓ చందా కొచ్చర్‌ను తప్పుబట్టింది, ఆ కంపెనీతో భర్తకున్న వ్యాపార సంబంధాల సంగతి సరిగా వెల్లడించి పక్కకు తప్పుకోలేదనే. ఆమె అప్పటికే ముందస్తు రిటైర్మెంట్ తీసుకుని వెళ్లిపోయినా, 2019 జనవరిలో బ్యాంకు దాన్ని తొలగింపుగానే లెక్కకట్టి, పాత బోనస్‌లు వెనక్కి అడిగింది. అంత పెద్ద కుర్చీకే తప్పనిది మనకు తప్పుతుందా?

అయినా నా ఓటు ప్రతిసారీ దీనికే కాదు. కొటేషన్ ఒక్కరోజు పని, బిల్లు నెలనెలా వస్తుంది. సీ షిఫ్ట్ (రాత్రి షిఫ్టు) వ్యాన్ అరగంట లేటుగా వచ్చింది, ట్రిప్ షీట్‌లో టైమ్ ఎవరు రాస్తారు? రాని ట్రిప్‌కి కోత ఎవరు పెడతారు? డీజిల్ పెరిగింది, రేటు పెంచమని అతను అడిగితే ఫైలు ఎవరి దగ్గరికొస్తుంది? ఈ సంతకాలు వేరే డిపార్ట్‌మెంట్‌వైతే మెయిల్ రాసి తప్పుకుంటే చాలు. గేటు నుంచి బిల్లు దాకా మీ చేతుల మీదుగానే నడిచే చిన్న కంపెనీ అయితే, బావమరిదిని కొటేషనే వేయొద్దనడం మేలు. ఆ పక్క ఇంకో పది కంపెనీలున్నాయి, అక్కడ వేసుకోమనండి. తప్పుకున్నానని మెయిల్ పెట్టి ప్రతి నెలా అతని బిల్లు మీద సంతకం పెట్టేవాడికన్నా, నోరెత్తనివాడే నయమనిపిస్తుంది నాకు.

సంక్రాంతికి వెండర్లు పంపే పలాస జీడిపప్పు డబ్బా సంగతి ఇంత చిక్కుది కాదు. కంపెనీ పరిమితి పెట్టి ఉంటే దాని ప్రకారం, లేకపోతే ఆఫీసులో అందరి ముందూ విప్పి పంచేయడం. ఇంటికి వచ్చిన డబ్బా మాత్రం వెనక్కి పంపాల్సిందే.

బావమరిదిని వద్దనడంలో అసలు టెన్షన్ ఆఫీసులో ఉండదు, ఇంట్లో ఉంటుంది. అందుకే అతనికన్నా ముందు అతని అక్కకు చెప్పండి. ‘మా తమ్ముడికి పని ఇప్పించలేదు’ అనే మాట పెళ్లిళ్లలో వినపడుతుంది, ఓ రెండేళ్లు.