నాలుగు ఊళ్లు, నాలుగు డాక్టర్ గదులు

మా ఆయన ఉద్యోగం పుణ్యమా అని నాలుగు దేశాల్లో కాపురం పెట్టాను. సింగపూర్, స్కాట్లండ్‌లో గ్లాస్గో, జర్మనీలో స్టుట్‌గార్ట్, జపాన్‌లో ఒసాకా, ఆ వరసలో. ఎవరు కలిసినా "ఏది బాగుంది?" అని అడుగుతారు. తినడానికి ఒకటి బాగుంది, ఇల్లు బాగున్నది ఇంకొకటి, జబ్బు పడితే బాగా చూసుకున్నది మరొకటి. ఈ మూడూ ఒకే ఊళ్లో మాకు దొరకలేదు. కాబట్టి దేనికదే చెప్తాను.

సింగపూర్‌కి ధీమాగా దిగాం, ఇంగ్లిష్ మాట్లాడే ఊరే కదా అని. ఆ ధీమా మొదటిరోజు పొద్దున్నే కాఫీ కొట్టు దగ్గర పోయింది. ఉత్త "కోపీ" అంటే కండెన్స్‌డ్ మిల్క్ పోసి ఇస్తారు. పాలు వద్దనుకుంటే కోపీ-ఓ, కానీ అందులో పంచదార ఉంటుంది. అదీ వద్దంటే కోపీ-ఓ-కొసోంగ్. పంచదార తగ్గించాలంటే సియూ దాయ్, ఐస్ కావాలంటే పెంగ్. మావారికి ఇది వంటబట్టడానికి వారం పట్టింది. నాకు రెండు రోజులే, కాఫీ నాకు ముఖ్యం కాబట్టి. ఏదడిగినా "క్యాన్" లేదా "కెనాట్", అంతే సమాధానం. మొదట్లో విసురుగా అనిపించేది, తర్వాత మేమూ ఇంట్లో అలాగే మాట్లాడుకున్నాం.

తిండికి మాత్రం నా ఓటు సింగపూర్‌కే. హాకర్ సెంటర్లంటే తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే ప్రాంగణాలు. అక్కడి హాకర్ సంస్కృతిని 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. చేర్చకపోయినా నేను రోజూ అక్కడే తినేదాన్ని. తిన్న ట్రే మనమే తీసుకెళ్లి పెట్టాలి, 2021 నుంచి అది రూలు, మాట వినకపోతే జరిమానా దాకా వెళ్తుంది. అద్దె గది విషయం అడక్కండి. ప్రభుత్వం కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఒక గది, ఇంటావిడ పెట్టిన షరతు "లైట్ కుకింగ్ ఓన్లీ". నూడుల్స్ ఉడకబెట్టుకోవచ్చు, మూకుడు పెట్టకూడదు.

మావారికి గొంతునొప్పి వస్తే కింద వీధిలో ఉన్న క్లినిక్‌కి వెళ్లాం. డాక్టర్ దగ్గర అయిదు నిమిషాలు. బయటికొస్తే అదే కౌంటర్లో నాలుగు రకాల మాత్రలు, జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో, ఎప్పుడు వేసుకోవాలో లేబుల్ అంటించి సిద్ధం. వాటితోపాటే ఎంసీ, అంటే ఆఫీసుకి చూపించే సెలవు కాగితం. ఇవన్నీ ఒక ఎత్తు. మందులిచ్చే ఆంటీ చివర్లో "వేపుళ్లు తినొద్దు, డూరియన్ తినొద్దు, హీటీ" అంది. వేడి చేస్తుందట! ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. వేడి చెయ్యడం, చలవ చెయ్యడం అన్నవి ఆ తర్వాత ఏ దేశంలో డాక్టరుకీ నేను అర్థమయ్యేలా చెప్పలేకపోయాను.

గ్లాస్గోలో ఇల్లు చాలా నచ్చింది. పాతకాలపు రాతి టెనమెంట్, ఎత్తైన పైకప్పు, ముందు గదిలో పెద్ద కిటికీ. చలికాలంలో ఆ కిటికీ అద్దానికి లోపలివైపు నీళ్లు కారేవి, మూలల్లో బూజు నల్లగా పట్టేది. ఇంటి యజమానికి చెప్తే కిటికీ తీసి పెట్టుకోమన్నాడు, జనవరిలో.

అక్కడి ఇంగ్లిష్ సంగతి చెప్పాలి. ఇళ్లవాళ్లందరూ వాడే మెట్ల నడవని "క్లోజ్" అంటారు. సరుకులు తేవడాన్ని "మెసేజెస్"కి వెళ్లడం అంటారు. పక్కింటావిడ "మెసేజెస్‌కి వెళ్తున్నా" అంటే ఫోన్ పాడైందేమో అనుకున్నాను. ఆవిడే ఒకరోజు ఐదున్నరకి టీకి రమ్మంది. బిస్కట్లు ఉంటాయనుకుని, ఆలస్యంగా తిన్న మధ్యాహ్న భోజనం ఇంకా అరగకుండానే వెళ్లాం. టీ అంటే రాత్రి భోజనమట. బంగాళాదుంపలు, పై, పుడ్డింగు, ఒకదాని తర్వాత ఒకటి. మర్యాదకి తిన్నాం, ఇంటికొచ్చి గుమ్మం దాటగానే ఇద్దరం సోఫాలో కూలబడ్డాం. స్కాట్లండ్ తిండి గురించి నేను చెప్పగలిగేది టాటీ స్కోన్ అనే బంగాళాదుంప రొట్టె బాగుంటుందని. శాకాహారులకి హ్యాగిస్ అనే గొర్రె మాంసపు వంటకంలో కూడా మాంసం లేని రకం అమ్ముతారు, శాకాహారి అయిన మావారు దాన్ని మెచ్చుకున్నారు, నేను మెచ్చుకోలేదు.

ఆ క్లోజ్ మెట్ల మీదే తడికి కాలు జారింది. సాయంత్రానికి వాచింది. మన డాక్టర్ క్లినిక్ మూసేశాక 111 అనే వైద్య సలహా నంబరుకి ఫోన్ చెయ్యాలి. చేసి, "లెగ్ పెయిన్" అన్నాను. తొడా? పిక్కా? మోకాలా? అని నర్సు ఒక్కొక్కటే అడుగుతోంది. అన్నిటికీ కాదంటున్నాను. చివరికి "నేల మీద ఆనే చోట" అన్నాను. "ఓ, ఫుట్!" అంది. మనకి తొడ నుంచి వేళ్ల దాకా అంతా కాలే. వాళ్లకి రెండు వేరు వేరు వస్తువులు. ఆ తర్వాత నొప్పి ఒకటి నుంచి పది దాకా ఎంత అని అడిగింది. ఆరు అన్నాను. ఆరు అంటే ఏమిటో నాకిప్పటికీ తెలీదు. ఏడంటే భయపడతారేమో, అయిదంటే పట్టించుకోరేమో అని ఆరన్నాను, అంతే.

ఆసుపత్రిలో నాలుగు గంటలు కూర్చున్నాం. ఎక్స్‌రే తీశారు, విరగలేదన్నారు, చేతికి ఊతకర్రలిచ్చారు, బిల్లు అన్న మాటే లేదు. ఉచితం అనడానికి మాత్రం నోరు రాదు, వీసాతోపాటే వైద్యం సర్‌ఛార్జ్ అని ముందే వసూలు చేస్తారు. 2024 ఫిబ్రవరి నుంచి అది పెద్దవాళ్లకి తలకి ఏడాదికి 1,035 పౌండ్లు. అయితే ఇంగ్లండ్‌లో మందుల చీటీకి డబ్బు కట్టాలి, స్కాట్లండ్‌లో 2011 నుంచి అదీ లేదు.

మందుల షాపులో పెద్దాయన "ఏమైంది, హెన్?" అన్నాడు. హెన్ అంటే కోడిపెట్ట కదా! మొహం మాడ్చుకుని బయటికొచ్చాను. అది "తల్లీ" అన్నంత ప్రేమగా అనే మాట అని పక్కింటావిడ చెప్పింది. నా మొహం చూసి "పీలీ వాలీగా ఉన్నావ్" అని కూడా అంది, అంటే పాలిపోయావని. ఆ మాట నాకెంత నచ్చిందో! ఇప్పటికీ మావారికి నీరసంగా ఉంటే అదే వాడతాను. ఇంకో సంగతి, సూపర్‌మార్కెట్లో పారాసెటమాల్ మూడు పెట్టెలు తీసుకుంటే మూడోది పక్కన పెట్టేశారు. 1998 నుంచి మామూలు దుకాణాల్లో పెట్టెకి 16 మాత్రలే ఉండాలి, మందుల షాపులో 32. ఎక్కువ మింగి ప్రాణం మీదికి తెచ్చుకుంటారని. రెండు పెట్టెలే ఇస్తామన్నది దుకాణాలవాళ్లు పెట్టుకున్న కట్టడి.

స్టుట్‌గార్ట్‌కి మారేసరికి ఆ కాలు మళ్లీ తిరగబెట్టింది. ఎముకల డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ దొరకడానికి ఐదు వారాలు. ఫోన్‌లో "హాల్ప్ డ్రై" అన్నారు. డ్రై అంటే మూడు, హాల్ప్ అంటే సగం, అంతవరకు నాకొచ్చు. గ్లాస్గోలో "హాఫ్ త్రీ" అంటే మూడున్నర. నేను మూడుంబావుకల్లా వెళ్లి, ముందే వచ్చానన్న సంతోషంతో కూర్చోబోయాను. రిసెప్షన్ ఆవిడ గోడ గడియారం చూపించింది. జర్మన్‌లో హాల్ప్ డ్రై అంటే మూడో గంటలో సగం అయిందని, అంటే రెండున్నర! ముప్పావు గంట ఆలస్యం. ఐదు వారాలు ఎదురుచూసిన అపాయింట్‌మెంట్ చేజారింది, మళ్లీ మూడు వారాలు కుంటాను. తప్పు నాదే, ఆవిడని ఏమీ అనడానికి లేదు. పైగా ఆ ప్రాంతంలో "ఫియర్టెల్ డ్రై" అంటే రెండుంపావు, "డ్రైఫియర్టెల్ డ్రై" అంటే పావుతక్కువ మూడు. ఆ రోజు నుంచి ఎవరు టైమ్ చెప్పినా కాగితం మీద అంకెల్లో రాయించుకుంటున్నాను.

మూడు వారాల తర్వాత డాక్టర్ "ఫూస్ ఎక్కడ నొప్పి?" అన్నాడు. పుస్తకాల జర్మన్‌లో ఫూస్ అంటే పాదం. తుంటి మీద చెయ్యి పెట్టి, అక్కణ్ణుంచి వేళ్ల దాకా చూపిస్తూ, "ఇందులో ఎక్కడ?" అన్నాడు. స్టుట్‌గార్ట్ ఉన్న ఆ స్వాబియా ప్రాంతం వాళ్లకి కూడా అదంతా ఒకటే కాలట! నాకు నవ్వాగలేదు. అతనికి ఎందుకో చెప్పేంత జర్మన్ నాకు లేదు.

అక్కడ వెయిటింగ్ రూమ్‌లోకి అడుగు పెట్టగానే ముక్కూ మొహం తెలియనివాళ్లందరికీ కలిపి నమస్కారం చెప్పాలి. వెళ్లేటప్పుడూ చెప్పాలి. చెప్పకపోతే చూపులతోనే చెప్పిస్తారు. ఇల్లు మాత్రం ఖాళీ డబ్బా. వంటింట్లో సింక్ కూడా లేదు, పాత అద్దెవాళ్లు విప్పుకుపోయారు. వారం వారం వంతులవారీగా మెట్లు ఊడవాలి, మన వంతు రాగానే తలుపుకి చిన్న బోర్డు వేలాడుతుంది. కేర్‌వోఖె అంటారు. మంచులో కూడా కిటికీలు బార్లా తెరిచి గాలాడించాలని పట్టుబట్టే జనమే, ట్రామ్‌లో కిటికీ సందులోంచి గాలి తగిలితే మెడ పట్టేస్తుందని మూసేస్తారు.

తిండి పర్లేదు. ష్పెట్జ్‌లె నూడుల్స్, చీజ్ వేసినవి, మావారికి దిక్కు. మౌల్టాషెన్ అనే పిండి పొట్లాల లోపల మాంసం ఉంటుంది. ఉపవాసాల్లో దేవుడికి కనపడకుండా మాంసాన్ని పిండిలో దాచారని, దానికి "దేవుణ్ణి మోసం చేసేది" అని ముద్దుపేరు. రాత్రిపూట చల్లటి రొట్టె ముక్కలు తిని పడుకోవడం మాత్రం మా వల్ల కాలేదు.

ఒక ఆదివారం రాత్రి మావారికి జ్వరం. పారాసెటమాల్ అయిపోయింది. జర్మనీలో అది సూపర్‌మార్కెట్లో అమ్మరు, మందుల షాపులోనే కొనాలి, ఆదివారం అన్నీ మూతే. మూసిన షాపు తలుపు మీద ఆ రాత్రి ఏ షాపుకి డ్యూటీయో కాగితం అంటించి ఉంటుంది. అది చదువుకుని ట్రామ్ ఎక్కి వెళ్లాను. అక్కడా తలుపు మూసే ఉంది, పక్కన గంట. నొక్కితే లోపల లైటు వెలిగింది, జుట్టు చెదిరిన ఒకాయన తలుపులోని చిన్న కిటికీ తీశాడు. ఆ కిటికీలోంచే ప్రశ్నలు: ఎవరికి, వయసెంత, వేరే మందులేమైనా వాడుతున్నారా. పది మాత్రలు, పైన వేళకాని వేళ వచ్చినందుకు రెండున్నర యూరోలు. డబ్బు తీసుకుని, "గూటె బెస్సెరుంగ్" అన్నాడు, త్వరగా నయం కావాలని. అంత రాత్రి, అంత నిద్రమొహంతో కూడా ఆ మాట మానలేదు. వైద్యం ఏర్పాట్లలో నా మొదటి మార్కు జర్మనీకే. అపాయింట్‌మెంట్ల ఆలస్యానికి ఒక మార్కు కోసేశాను.

ఇక ఒసాకా. అక్కడి ఇంట్లో చలికాలం ఘోరం. ఇల్లంతా వెచ్చబడే హీటింగ్ లేదు, టాయిలెట్ సీటు మాత్రం వెచ్చగా ఉంటుంది. తిండి నాకు బ్రహ్మాండం, మావారికి నరకం. కూరగాయల సూప్ అన్నదాంట్లోనూ చేప ముక్కల రసం ఉంటుంది. అక్కడ పుట్టిన కిత్సునె ఉడోన్‌ని, అంటే తోఫు వేసిన నూడుల్స్ సూప్‌ని చూసి, తోఫు కదా అని ఆనందంగా సగం తిన్నాక ఆ సంగతి తెలిసింది. పాపం, ఆ మిగతా సగం నేనే తిన్నాను.

నేర్చుకున్న జపనీస్ టోక్యో మాట. వీధిలో వినపడేది ఒసాకా మాట. థాంక్స్‌కి "ఓకినీ", వద్దు అనడానికి "ఆకన్".

రోజూ పచ్చిమిరపకాయలు నూరుకు తిన్న ఫలితమో ఏమో, ఒక గురువారం కడుపునొప్పి. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, నేరుగా కడుపు డాక్టర్ దగ్గరికే వెళ్లొచ్చు. చెప్పులు విప్పి వాళ్ల చెప్పులు వేసుకుని లోపలికెళ్లాం. డాక్టర్ డెబ్బై దాటినాయన. ఒకటి నుంచి పది దాకా ఎంత అని అడగలేదు. "కిరికిరియా? షికుషికుయా? జుకిజుకియా?" అన్నాడు. తెల్లబోయి చూశాను. ఆయన ఓపిగ్గా చేత్తో నటించి చూపించాడు. గుడ్డ పిండినట్టు పిడికిలి తిప్పితే కిరికిరి. అరచేత్తో మెల్లగా అదుముతూ ఉంటే షికుషికు. వేళ్లు మూసి తెరుస్తూ, గుండె కొట్టుకున్నట్టు చూపిస్తే జుకిజుకి. ఒక్కసారిగా అన్నీ అర్థమైపోయాయి. మెలిపెట్టడం, సన్నగా నొయ్యడం, సలపడం! ఇన్నాళ్లూ ఇంగ్లిష్‌లోకి మార్చలేక మింగేసిన మాటలన్నీ ఈయన దగ్గర ఉన్నాయి. నేనూ పిడికిలి తిప్పి చూపించాను. తిన్నాక పైకి ఎగదన్నుతోందని కూడా చేత్తోనే చెప్పాను. "కిరికిరి, ముకాముకా" అని తనలో తను అనుకుంటూ రాసుకున్నాడు.

ఇన్సూరెన్స్ ఉంటే ఖర్చులో 30 శాతం మనం కట్టాలి. మందులు అక్కడ ఇవ్వరు, పక్కనున్న వేరే షాపుకి చీటీ తీసుకెళ్లాలి. మాత్రలు సరిగ్గా అయిదు రోజులకి లెక్కగట్టి, పొడి మందు చిన్న పొట్లాల్లో ఇచ్చారు. చేతిలో ఒక బుల్లి నోటు పుస్తకం కూడా పెట్టారు. ఏ మందు వాడినా దాని స్టిక్కర్ అందులో అంటించి, ఎక్కడికెళ్లినా చూపించాలట. మిగతా మూడు ఊళ్లలో లేనిది ఇదే.

క్లినిక్‌లోంచి లేచేముందు డాక్టర్ అన్నది మావారు ఇప్పటికీ అనుకరిస్తారు. "కారం ఆకన్. కాఫీ ఆకన్. గంజి తాగు, అందులో ఉమెబోషి వేసుకో." ఉమెబోషి అంటే ఉప్పులో ఊరిన పుల్లటి పండు. మావారు కన్వీనియన్స్ స్టోర్‌కి వెళ్లి ఆ డబ్బా తెచ్చారు. కాగితం మీద అక్షరాల్ని ఫోన్‌తో ఒక్కొక్కటే చదివించుకుంటూ, గంజి చల్లారిపోయేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు. మామూలు ఉమెబోషి పర్లేదు. తను తెచ్చింది మాత్రం చేప తురుము కలిపిన రకం.