భయంతో కరిచే చిన్న కుక్కకు సిలికాన్ బుట్ట మజిల్: వాడిన తర్వాత మా అభిప్రాయం

మా ఆడకుక్క బరువు ఐదు కిలోలకు మించదు. కొత్తవారు ముద్దుగా ఉందని వంగి చేయి చాపితే మాత్రం కరుస్తుంది. చిన్న జాతుల్లో తరచుగా కనిపించే పళ్ల జబ్బులు, మోకాలి చిప్ప జారడం వంటి నొప్పులేవీ లేవని పరీక్షించి, దాని దూకుడుకు భయమే కారణమని పశువైద్యుడు తేల్చిన తర్వాత, శిక్షణ సాగినంతకాలం ఎవరికీ గాయం కాకూడదని, కరవకుండా మూతికి తొడిగే ఈ సిలికాన్ బుట్ట మజిల్‌ను తీసుకున్నాము.

గుడ్డ మజిల్ చవకగా దొరికినా దాని జోలికి పోలేదు. కుక్కకు చెమట ద్వారా ఒళ్లు చల్లబడే ఏర్పాటు దాదాపు లేదు; నోరు తెరిచి, నాలుక చాచి రొప్పడమే దానికి ప్రధానమైన దారి. గుడ్డ మజిల్ దవడలను మూసి పట్టుకుంటుంది కనుక, సూది వేయించే కొద్ది నిమిషాలకు తప్ప, నడకకు తీసుకువెళ్లేటప్పుడు కట్టడం ప్రమాదకరం. ఈ బుట్టలో నోరు హాయిగా తెరుచుకుంటుంది. ఇది మూతికి ఉండగానే మా కుక్క గిన్నెలో నీళ్లు తాగుతుంది.

కొలతల విషయంలో తయారీదారు శ్రద్ధ చాలదు. కళ్ల కింది నుంచి ముక్కు కొస దాకా పొడవు, మూతి చుట్టుకొలత అడిగారు, బాగానే ఉంది. కానీ నోరు మూసి ఉన్నప్పటి కొలతకు పైన, రొప్పడానికి ఎంత చోటు వదలాలో ఎక్కడా చెప్పలేదు. పట్టిక సూచించిన సైజు బిగుతైంది, దాని పై సైజు సరిపోయింది. పగ్, షిట్జు వంటి చప్పిడి మూతి కుక్కలకు ఈ ఆకారం అసలు కుదరదు. వాటికి ముఖమంతా కప్పే వల రకాలు వేరే ఉన్నాయి. మెడ పట్టీని కాలర్‌కు తగిలించే కొక్కెం లేకపోవడం మరో లోపం, ముందరి కాలితో రెండుసార్లు లాగితే ఊడి వస్తుంది. బకిల్ సరిగ్గా చెవి కిందే టక్కుమంటుంది, భయస్థురాలైన కుక్కకు ఆ చప్పుడే చాలు బెదరడానికి.

నాకు అన్నిటికంటే కష్టంగా తోచినది పెట్టెలోని సూచనల కాగితం. మజిల్ తొడిగి బిగించండి, కుక్క తనే అలవాటు పడుతుంది అని ఒక్క వాక్యంలో ముగించారు. భయపడే కుక్కకు అలా తొడిగితే, మజిల్ కనబడగానే మంచం కిందికి దూరడం నేర్చుకుంటుంది. ఉడికించిన మాంసాన్ని మెత్తగా చేసి బుట్ట లోపలి అంచుకు రాసి, మజిల్‌ను కదపకుండా చేతిలో పట్టుకుని, కుక్క తనంతట తాను మూతి దూర్చి నాకి, ఇష్టమైనప్పుడు వెనక్కి తీసుకునే వీలు ఇవ్వాలి. ఆ తర్వాతే పట్టీ మెడకు తాకించడం, క్షణం పాటు బిగించి వెంటనే విప్పడం. బకిల్ చప్పుడును మజిల్ తొడగకుండానే విడిగా వినిపించి, ప్రతిసారీ ఒక ముక్క పెట్టాము. ముందరి సందులు ఇరుకు కావడం వల్ల ముక్కలను అగ్గిపుల్లల్లా సన్నగా కోయవలసి వచ్చింది.

మజిల్ పంటిని ఆపుతుంది, భయాన్ని ఆపదు. పెదవులు నాకడం, తల పక్కకు తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, ఒళ్లు బిగుసుకోవడం ఇప్పటికీ కనిపిస్తాయి. చిన్న కుక్క కదా అని జనం వీటిని పట్టించుకోరు. పైగా లీష్ కట్టి ఉన్న కుక్కకు పారిపోయే దారి ఉండదు. అందుకే అపరిచితుణ్ణి చూసినా తిండి తీసుకోగలిగేంత దూరంలో దాన్ని నిలిపి, మనిషి కనబడగానే మాంసం ముక్క పెట్టే శిక్షణను మజిల్ ఉన్నా కొనసాగిస్తున్నాము. గుర్రుమన్నప్పుడు గద్దించము, ఎందుకంటే ఆ హెచ్చరికను నోరు నొక్కి మాన్పిస్తే, తర్వాత చెప్పకుండా కరుస్తుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు 2009లో ప్రచురించిన సర్వేలో, కొట్టడం, తన్నడం, బలవంతంగా వెల్లకిలా పడవేయడం వంటి పద్ధతులు ఒక్కొక్కటీ, ప్రయోగించిన కుక్కల్లో కనీసం పావు వంతును తిరగబడేలా చేశాయి.

పశువైద్యశాలకు, గోళ్లు కత్తిరించే చోటికి, రద్దీ దారిలో నడకకు ఈ మజిల్‌ను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. అయితే కాలర్‌కు కలిపే అదనపు పట్టీ ఒకటి కుట్టించుకోండి. ఇంట్లో ఒంటరిగా వదిలేటప్పుడు మాత్రం తప్పక తీసివేయాలి, బుట్ట దేనికైనా చిక్కుకోవచ్చు. శుభ్రం చేయడం సులువే: గోరువెచ్చని సబ్బు నీళ్లతో మూలల్లో ఇరుక్కున్న మాంసం పోతుంది, వాసన నిలవదు.