రేషన్ బియ్యమా, ఖాతాలో డబ్బా?

సర్కారు సరుకు పంచే కన్నా పేదల చేతికి డబ్బిస్తే మేలని స్వేచ్ఛా మార్కెట్ వాదుల మాట. 1962లో అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ చెప్పిన పద్ధతిలో, సంపాదన ఒక హద్దుకు తగ్గితే ఆ లోటులో కొంత శాతం సర్కారే ఇస్తుంది. లెక్క ఇలా ఉంటుంది: హద్దు 10,000, రేటు 50 శాతం అనుకుంటే, 4,000 సంపాదించినవాడికి లోటు 6,000లో సగం, అంటే 3,000 అందుతుంది. సంపాదన పెరిగేకొద్దీ సాయం తగ్గుతుంది గానీ ఒక్కసారిగా తెగదు. మన రేషన్ కార్డుకు ఆ మెట్లు లేవు. ఆదాయ పరిమితి దాటితే మొత్తం పోయినట్టే.

అనంతపురం పల్లెలో నలుగురున్న ఇంటికి మనిషికి 5 కిలోల లెక్కన నెలకు 20 కిలోల బియ్యం. సంగటి, జొన్నరొట్టె తినే ఇంట్లో మిగిలింది వీధిలోకొచ్చే వ్యాపారికి అగ్గువకు పోతుంది, పాలిష్ పట్టించుకుని మళ్లీ అంగడికొస్తుంది. డబ్బైతే ఈ తరుగుండదు, రాగులే కొనుక్కోవచ్చు.

అయితే ధర పెరిగినా నగదు పెరగదు, 20 కిలోలు మాత్రం 20 కిలోలే. ఇంకో చిక్కు: ఆధార్ చివరగా ఏ ఖాతాకు కలిపితే సొమ్ము అందులోనే పడుతుంది, మనిషేమో పాత బ్యాంకు చుట్టూ తిరుగుతుంటాడు. బియ్యానికీ తిప్పలున్నాయి, చెనక్కాయలు ఒలిచి గీతలరిగిన వేలిని రేషన్ అంగడిలో వేలిముద్ర మిషన్ గుర్తుపట్టదు.

అమెరికా తత్వవేత్త రాబర్ట్ నోజిక్ లాంటివాళ్లకు బియ్యం, నగదు రెండూ నచ్చవు: ఒకరి కష్టం బలవంతంగా తీసి ఇంకొకరికివ్వడమే అంటారు. ఆకలి ముందు ఆ వాదన నిలవదు. నాలుగు అంగళ్లు పోటీపడే గుంతకల్లులో నగదు సరే. ఒక్క అంగడే ఉన్న ఊళ్లో ధర ఆ అంగడివాడి నోటిమాటే కాబట్టి బియ్యమే ఇవ్వాలి.